పుస్తకం మూసి అడిగితే

ఓబులేసు ప్రాజెక్టు మూడోసారి కూడా వెనక్కొచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు బాధపడ్డాడు. రెండోసారి కోపం తెచ్చుకున్నాడు. ఈసారి మాత్రం తల ప్రాణం తోకకొచ్చి, కనబడినవాళ్ళందరి మీదా విసుక్కున్నాడు. టీ తెచ్చిన అటెండరుని కూడా వదల్లేదు.

అతను యూనివర్సిటీలో విద్యాశాస్త్రం చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసరు. బడిపిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించడం అతని పని. ఆ పనికి నిధులు కావాలి. నిధులు మంజూరు చేసేది ఢిల్లీలో ఒక కమిటీ. ఆ కమిటీవాళ్ళు బడి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో దేవుడికే తెలియాలి.

పిల్లల సంఖ్య చాలదని మొదటిసారి తిప్పి పంపారు. సరేనని ఇంకో మూడు జిల్లాలు కలిపాడు. టెక్నాలజీ ఏదని రెండోసారి అడిగారు. ట్యాబులు కలిపాడు. దేశమంతటికీ పనికొచ్చేలా లేదని మూడోసారి పెదవి విరిచారు. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా కలిపాడు. ఇక కలపడానికి లోకంలో ఏమీ మిగల్లేదు.

యూనివర్సిటీలో పరిశోధనకి ప్రోత్సాహం ఇచ్చే విభాగం ఒకటుంది. అది డబ్బివ్వదు. డబ్బు ఎలా అడగాలో చెప్పే వర్క్‌షాపులు పెడుతుంది. వెళ్ళినవాళ్ళకి ఒక ఫైలు, ఒక పెన్ను, బిస్కెట్లు ఇచ్చి పంపుతుంది. ఆ ఫైళ్ళు ఓబులేసు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. బడులకి తిరగడానికి బస్సు ఛార్జీలైనా ఇప్పించండని పోయినవారం అడిగితే, ఆ విభాగం అధికారి, కెమిస్ట్రీ నుంచి వచ్చిన పెద్దమనిషి, నవ్వాడు.

"బీఈడీ క్లాసులు చెప్పుకునేవాళ్ళకి పరిశోధన ఎందుకయ్యా?"

ఒళ్ళు మండదా మరి?

మండినా చేసేదేం లేదు. ప్రాజెక్టు లేకపోతే పదోన్నతి ఫైలు కదలదు. తన వెనక చేరినవాళ్ళు అసోసియేట్లయిపోయి, మీటింగుల్లో అతనికంటే ముందు వరసలో కూర్చుంటున్నారు. నాలుగోసారి పంపడానికి రేపే ఆఖరు. ఎవరైనా పెద్ద ప్రొఫెసరు సిఫారసు చేస్తే పని జరుగుతుందన్నారు. అందుకని మధ్యాహ్నం ఎండలో, కాగితాలు చంకలో పెట్టుకుని సుగుణమ్మ మేడమ్ ఇంటికి బయల్దేరాడు.

ఆవిడ అతని చేత పీహెచ్‌డీ చేయించిన గురువు. చదవడమంటే ఏమిటో ఓబులేసుకి నేర్పింది ఆవిడే. పిల్లల చేత పాఠం చదివించాలి. పుస్తకం మూసెయ్యాలి. అప్పుడు అడగాలి. అడిగాక నోరు మూసుకుని ఎదురుచూడాలి. పిల్లలు నీళ్ళు నమిలినా మాట అందివ్వకూడదు. మహా అయితే ఒక్కటే అనొచ్చు: "పుస్తకం మూసే ఉంది. తొందరేం లేదు. నీ మాటల్లో చెప్పు."

ఆ రోజుల్లో ఒక బళ్ళో, రెండో తరగతిలో ఈరమ్మ అని ఒక పిల్ల ఉండేది. వానకి గూడు తడిసిపోయిన పిచ్చుక పాఠాన్ని ఎక్కడా తడుముకోకుండా గడగడా చదివేసింది. ఓబులేసు మురిసిపోయాడు. పుస్తకం మూసి, "ఆ పిచ్చుకకి ఏమైందమ్మా?" అని అడిగాడు.

ఈరమ్మ తెల్లమొహం వేసింది.

"ఏ పిచ్చుక సార్?"

ఇంత బాగా చదివిన పిల్లకి పిచ్చుక కనబడకపోతే, మరి ఆ పిల్ల చదివిందేమిటి? ఆ ప్రశ్న ఓబులేసుకి అన్నం సహించనివ్వలేదు. పరుగెత్తుకెళ్ళి మేడమ్‌కి చెప్తే, "దాన్ని పట్టుకో, వదలొద్దు," అన్నారు. అతని ప్రాజెక్టు పుట్టింది అక్కడే.

ఇప్పుడు మేడమ్ వరండాలో చాప మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. ఈ మధ్యే కంటికి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్నారు.

"రా ఓబులేసూ, కూచో. మొహం అట్లుందేంది?"

అడగడమే తరువాయి, అంతా వెళ్ళగక్కాడు. కమిటీ, ట్యాబులు, బిస్కెట్లు, కెమిస్ట్రీ పెద్దమనిషి, ఎవర్నీ వదల్లేదు. ఆవిడ అడ్డు రాలేదు.

"తిట్టొద్దని నేననను," అన్నారు చివరికి. "నేనూ ఉద్యోగం చేసినన్నాళ్ళూ తిట్టినాను. మన పనంటే వాళ్ళకెప్పుడూ లోకువే. ఇంకా మిగిలుంటే అదీ తిట్టెయ్. అయినాక నువ్వు రాసింది చదువు, వింటాను. నాకింకా అక్షరాలు ఆనడం లేదు."

"మీకెందుకు మేడమ్ శ్రమ? సంతకం ఒక్కటి పెడితే చాలు."

"వినకుండా నేనెప్పుడన్నా సంతకం పెట్టినానా?"

పెట్టలేదు. ఓబులేసు కాగితాలు విప్పాడు.

"బహుళ భాగస్వామ్య సాంకేతికతాధారిత అభ్యసన ఫలితాల సమగ్ర మూల్యాంకన నమూనా రూపకల్పన మరియు విస్తరణ," అని మొదలుపెట్టాడు.

మొదలుపెట్టాక మళ్ళీ ఆగలేదు. లక్ష్యాలు చదివాడు, విధానం చదివాడు, ఆశించిన ప్రయోజనాలు చదివాడు. ఎక్కడా తడబడలేదు. కామా ఉన్నచోట కొంచెం ఆగాడు, చుక్క ఉన్నచోట ఇంకాస్త ఆగాడు. ఆఖరి పేజీకి వచ్చేసరికి తన చదువు తనకే ముచ్చటగా అనిపించింది.

మేడమ్ చెయ్యి చాపారు. సంతకానికే అనుకుని కాగితాలు అందించాడు. పెన్ను మూత కూడా తీశాడు.

ఆవిడ కాగితాలని చాప మీద బోర్లా పెట్టి, వాటి మీద శనక్కాయల చేట పెట్టారు.

"ఏముంది ఇందులో?"

"అదే మేడమ్, ఈ బహుళ భాగస్వామ్య..."

"చదివినావులే, విన్నాను. ఏముందో చెప్పు."

ఓబులేసు నోరు తెరిచాడు. సాంకేతికత అన్నాడు. విస్తరణ అన్నాడు. ఫలితాలు అని ఆగిపోయాడు. చూపు చేట కిందికి పోయింది. మేడమ్ ఒక కాయ ఒలిచారు, ఇంకోటి తీసుకున్నారు. మాట అందివ్వలేదు. ఓబులేసుకి చిర్రెత్తుకొచ్చింది. రేపటికి గడువైపోతుంటే ఈవిడ పరీక్ష పెడుతుందేమిటి?

"మేడమ్, టైము లేదు. ఐదు దాటితే ఆఫీసులో ఎవరూ ఉండరు," అన్నాడు విసుగ్గా.

"ఇందులో ఈరమ్మ ఏమైంది?"

"ఏ ఈరమ్మ మేడమ్?"

ఆ మాట అతని నోట్లోంచే వచ్చింది. అతని చెవికే సోకింది.

చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. కాగితాల కోసం చెయ్యి చాపబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. మేడమ్ అతని వైపు చూడలేదు, ఎత్తిపొడవనూ లేదు. చేటలో తొక్కలు ఏరి పక్కన పడేశారు.

"పుస్తకం మూసే ఉంది నాయనా," అన్నారు. "తొందరేం లేదు. నీ మాటల్లో చెప్పు."

ఓబులేసు పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. చేటలోంచి ఒక కాయ తీసుకుని ఒలిచాడు. ఆవిడ ఎదురుచూశారు.

"రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేది మేడమ్," అన్నాడు. "గడగడా చదివేది."