మెట్టతల్లికి రెండో వాయి

బూరెలమెట్ట ఎక్కడానికి నూట ఎనభై ఆరు మెట్లున్నాయి. మెట్లు ముగిసిన చోట ఎడమ పక్కన వంటశాల, దానికి ఎదురుగా మెట్టతల్లి గుడి. వంటశాల తూర్పు గోడ మీద సుద్దతో గీసిన పదకొండు గీతలు కనిపిస్తాయి. ఏటా వాటి మీదే మళ్లీ సుద్ద దిద్దుతారు. అవి మొక్కుల లెక్క కాదు, అదృష్ట సంఖ్యలూ కావు. ఎన్నిసార్లు చెప్పినా భక్తులు పక్కన పన్నెండో గీత గీసి పోతూనే ఉన్నారు. అందుకే ఆ గీతలేమిటో, మొదటి వాయి బూరెలు ఎంత బాగా వచ్చినా ఇక్కడ అమ్మవారికి ఎందుకు పెట్టరో ఈ చిన్న పుస్తకంలో వివరిస్తున్నాం. దయచేసి మెట్లెక్కే ముందే చదవండి.

పూర్వం ఈ మెట్టను నెర్రెలమెట్ట అనేవారు. దిగువన ఉలవాడ అనే పల్లె ఉండేది. ప్రతి పున్నమికీ మెట్టతల్లికి బూరెల నైవేద్యం ఆ పల్లె వారిదే. వరుసగా మూడేళ్లు వానలు ముఖం చాటేయడంతో వరి పోయింది, శనగ పోయింది. మిగిలినవి ఉలవలు, సామలు, కాసిన్ని మినుములు. ఒక పున్నమికి అమ్మవారి ముందు ఆకు ఖాళీగా ఉండిపోయింది. ఏటి అవతలి పెద్దూరి వారు వెంటనే కబురు పంపారు. వచ్చే పున్నమికి కూడా బూరెలు పెట్టలేకపోతే తల్లిని తమ ఊరికి తీసుకుపోతామన్నారు. ఉలవాడ పెద్దలు తల వంచి ఒప్పుకున్నారు.

అమ్మవారికి వంట చేసే దాలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఉలవలు ఉడికించి బెల్లంతో పూర్ణం చేస్తానని, సామలను మినుములతో రుబ్బి పైపిండి చేస్తానని చెప్పింది. అటువంటి బూరె అంతకు ముందు ఎవరూ వండలేదు, అడుగుదామన్నా చెప్పేవారు లేరు. చేతిలో ఉన్నవి ముప్పై రోజులు. రోజుకు ఒక వాయి, వాయికి ఏడు బూరెలు.

మొదటి పదకొండు రోజుల్లో డెబ్బై ఏడు బూరెలు వేస్తే, డెబ్బై ఏడూ నూనెలో పగిలాయి. పగిలినవాటిని మేకలకు వేసేవారు.

"మేకలు కూడా మూతి తిప్పేస్తన్నాయే, ఇంక ఆపెయ్" అని అత్త గంగులమ్మ విసుక్కుంది.

"ఆటికి రుసేటి తెలుసత్తా" అని దాలమ్మ మళ్లీ ఉలవలు నానబోసింది.

పన్నెండో రోజు ఏడుకు ఏడూ నిండుగా, గుండ్రంగా తేలాయి. పల్లెంతా పండుగ చేసుకుంది. పదమూడో రోజు ఏడూ పగిలాయి. ముందు రోజు ఆమె బెల్లం తగ్గించింది, పిండి చిక్కన చేసింది, నీళ్లు వార్చింది. అన్నీ చేతి అంచనాయే. ఏది ఎంతో గుర్తు లేదు. మరో ఏడు రోజులు తల పట్టుకుని వండినా ఒక్కటీ నిలవలేదు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం "తల్లీ, ఆవేళ నేనేటి సేసినానో నువ్వైనా సెప్పు" అని ఏడుస్తూ దాలమ్మ పొయ్యి పక్కనే కునుకు తీసింది. కలలో మెట్టతల్లి గరిటె పట్టుకుని ప్రత్యక్షమైంది. ముఖంలో కరుణ లేదు, విసుగే ఉంది.

"ఏటే దాలీ! ఒక్కపాలే మూడు మార్సేసి, ఏది పన్జేసిందో నన్నడుగుతావేటే? పొయ్యి కాడ నువ్వున్నావా, నేనున్నానా? రోజుకొక్కటే మార్సు. మార్సింది గోడ మీద గీసుకో. ఇంకోటి ఇను. ఓపాలి వొస్తే నా దయ, రెండోపాలి వొస్తే నీ వంట. నా దయ నాకే పెట్టకు. నీ వంట పెట్టు."

మరునాటి నుంచి దాలమ్మ ప్రతిదీ గిద్దతో కొలిచింది. నీళ్లు మారిస్తే అడ్డగీత, బెల్లం మారిస్తే నిలువు గీత, పైపిండి మారిస్తే ఏటవాలు గీత. తొమ్మిది రోజులకు తొమ్మిది గీతలయ్యాయి. వాయికి పగిలేవి ఏడు నుంచి ఐదుకు, ఐదు నుంచి మూడుకు, చివరికి ఒకటికి దిగాయి.

పున్నమి నాడు పెద్దూరి వారు వెదురు బొంగులు, తాళ్లు మోసుకుని మెట్టెక్కారు. అప్పటికే దాలమ్మ రెండు వాయిలకు సరిపడా ఉలవలు ఉడికించి ఉంచింది. పగులుతున్న ఆ ఒక్క బూరె కోసం పైపిండిలో మినుములు అర గిద్ద పెంచింది. ఏడూ నిలిచాయి. ఊరి పెద్ద సూరప్పడు ఆకు పట్టుకుని పరుగెత్తుకు వస్తే, ఆమె గరిటె అడ్డం పెట్టింది.

"ఇయ్యి కాదు మావా. మేకలకెయ్యండి. మళ్లీ వండుతాను."

"నీకు మతిపోనాదేటే! ఆళ్లు తాళ్లు కట్టేస్తన్నారు. ఈపాలి పగిలితే?"

"పగిలితే నాకు వంట రానట్టే. తల్లిని ఎళ్లనీ."

మళ్లీ అదే గిద్దతో కొలిచి, అదే మంట మీద, ఒక్కొక్కటే నూనెలోకి జారవిడిచింది. చుట్టూ ఉన్నవారు నిలిచిన బూరెకల్లా ఒక్కో వేలు మడుస్తూ లెక్కపెట్టారు. ఏడూ నిలిచాయి. ఆ రెండో వాయిని తల్లి ముందు పెట్టి, దాలమ్మ గోడ మీద ఒకే పొడవున రెండు గీతలు పక్కపక్కనే గీసింది. పెద్దూరి వారు తలా ఒక ముక్క ప్రసాదం తిని, తాళ్లు చుట్టుకుని దిగిపోయారు. ఆనాటి నుంచి ఇది బూరెలమెట్ట.

నేటికీ ఇక్కడ మొదటి వాయి మేకలకే. అవి ఇప్పుడు మూతి తిప్పవు. ఇంట్లో కొత్త వంట మొదలుపెట్టేవారు తమ కొలత గిద్దను తల్లి పాదాల దగ్గర ఉంచి, తిరిగి తీసుకెళ్తారు. అలా చేసినవారికి ఒకసారి కుదిరిన వంట మళ్లీ చేయి జారదని నమ్మకం. ఎన్ని వాయిలకు కుదురుతుందని మాత్రం పూజారిని అడగవద్దు. పన్నెండో గీతను మీ వంటింటి గోడ మీద గీసుకోండి. తల్లి అక్కడికీ వచ్చి చూస్తుంది.