గడిలో పట్టని గొంతు

కరీముల్లాకు ఒక చిక్కు వచ్చింది. మనుషుల గొంతులను అక్షరాలుగా మార్చి, ఒక కంప్యూటర్లోంచి ఇంకో కంప్యూటర్లోకి మోయాలి.

ఆ గొంతులన్నీ చనిపోయినవాళ్ళవి.

సున్నపు బట్టీల ఊరికి చివర జాన్ సైదా తాత తకియా ఉంది. తకియా అంటే ఫకీరు ఉండే చోటు. రెండు రేకుల గదులు, ముందొక నీళ్ళ తొట్టి, అంతే. బట్టీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడై, వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళు అక్కడికొచ్చి పడుకునేవారు. నీది ఏ మతం అని ఎవరూ అడిగేవారు కాదు. తాత వాళ్ళకు గంజి పోసేవాడు. దగ్గొస్తే వీపు నిమిరేవాడు. ఇక రోజులు దగ్గరపడ్డాయని తెలిశాక, చెవిని వాళ్ళ నోటి దగ్గర పెట్టి, ఎవరికి ఏం చెప్పాలనుకుంటున్నారో వినేవాడు.

తర్వాత వాళ్ళ మనుషులు ఎప్పుడో వచ్చేవారు. నెలకొచ్చినా, ఏడాదికొచ్చినా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట అప్పజెప్పేవాడు. తన మాట ఒకటి కలిపేవాడు కాదు, వాళ్ళ మాట ఒకటి తీసేవాడు కాదు. పోయినవాడు తిట్టి ఉంటే తిట్టే చెప్పేవాడు. అది ఆయన గురువు దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి.

కరీముల్లా కూడా అలా వచ్చినవాడే. పట్నంలో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, తండ్రి పోయిన చాలా రోజులకు ఆయన ఆఖరి మాట కోసం వచ్చాడు. విన్నాడు. మళ్ళీ పట్నం పోలేదు.

కొన్నాళ్ళకు తాతకు చెవులు పోయాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి పట్టుకునేవాడు. కానీ పోయేముందు మనిషి పెదాలు సరిగా కదలవు. తాత వాళ్ళ నోటి దగ్గర చెవి పెట్టి, ఏమీ వినపడక, లేచి బయటికొచ్చి కూర్చునేవాడు.

"నేనున్నాగా తాతా," అన్నాడు కరీముల్లా.

ఆరోజు నుంచి అతను ఫోను పట్టుకున్నాడు. పోయేవాళ్ళ మాటలు రికార్డు చేసి, ఒక పాత కంప్యూటర్లో పేరు పేరునా దాచాడు. చాలామందివి చేరాయి.

ఆ కంప్యూటర్ ఇప్పుడు మూలుగుతోంది. ఎవరో దయగలవాళ్ళు ఇంకోటి ఇచ్చారు. పాతదానిలోని ప్రోగ్రాం కొత్తదానిలో నడవదు. అందుకని అన్నిటినీ ఒక పట్టికగా, ఉత్త అక్షరాల్లో బయటికి తీయాలనుకున్నాడు. పేరు, కామా, ఊరు, కామా, తేదీ, కామా. అలా రాసినదాన్ని ఏ కంప్యూటరైనా చదువుకుంటుంది. అయితే గొంతు అక్షరం కాదుగా. దాన్ని ఉన్నదున్నట్టు పోస్తే పట్టిక అంతా చెదిరిపోతుంది. కాబట్టి ఒక్కో గొంతునూ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి దండగా మార్చి, చివరి గడిలో పెట్టాడు.

తాతను పిలిచి చూపించాడు.

"ఇదుగో తాతా. ఇది ఏసోబు."

తాత కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. చీమలు బారులు తీరినట్టు అక్షరాలు. ఎంత కిందికి జరిపినా అవే.

"ఇందులో ఏసోబు యాడున్నాడ్రా?"

"ఇది చదివేదానికి కాదు తాతా, మోసుకుపోయేదానికి. అవతలికెళ్ళాక మళ్ళీ గొంతుగా విప్పుకుంటాం. ఒక్క అక్షరం కూడా పోదు."

"పోదా?"

"నేను చేసింది పోద్దా తాతా!"

తాత నవ్వి, గంజి చూసుకోవడానికి వెళ్ళాడు.

నిజంగానే ఒక్క అక్షరమూ పోలేదు, అప్పటికి. మర్నాడు కరీముల్లాకు పట్టికను కాస్త చక్కదిద్దుదామనిపించింది. ఒకడి ఊరి పేరు తప్పుంది, ఇంకొకడి తేదీ తిరగబడింది. లెక్కల పట్టికల ప్రోగ్రాంలో దాన్ని తెరిచాడు. పేర్లు దిద్దాడు. వరసలు సరిచేశాడు. ముచ్చటగా కనిపించింది. దాచి, మూసేశాడు.

ఆ ప్రోగ్రాంకు ఒక హద్దు ఉంది. ఒక గడిలో కొన్ని అక్షరాలే పడతాయి. అంతకు మించినవాటిని అది వదిలేస్తుంది, చప్పుడు చెయ్యదు. ఇది కరీముల్లాకు తెలియని సంగతి కాదు. పేర్లు దిద్దే ముచ్చటలో గుర్తుకు రాలేదు.

కొత్త కంప్యూటర్లో గడులన్నీ నిండుగా కనిపించాయి. ఒక్కటి కూడా తెరిచి వినలేదు. పాతదాన్ని శుభ్రంగా తుడిచేసి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఫోనులో చోటు చాలడం లేదని అక్కడున్నవి కూడా ఎప్పుడో తీసేసి ఉన్నాడు.

మిరపకోతలు అయ్యాక సలోమి వచ్చింది. ఏసోబు చెల్లెలు. కృష్ణ అవతలి ఊరు. రెండు బస్సులు మారి వచ్చింది. వేళ్ళు ఇంకా మిరపకాయ మంటతో ఎర్రగానే ఉన్నాయి. చెప్పులు బయట విప్పి, తొట్టిలో నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

"మా అన్న ఇక్కడ పోయాడంట."

"ఇక్కడే అమ్మా," అన్నాడు తాత. "మంచివాడు. ఆఖర్న దగ్గు ఎక్కువైంది."

"తాగేవాడా ఇక్కడ?"

"లేదు."

ఆమె తల ఊపింది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"మా అమ్మని సమాధి చేసే రోజు తాగొచ్చాడు తాతా. పాస్టరు గారు ప్రార్థన చేస్తా ఉంటే గుంటలో పడబోయాడు. జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందరా అన్నా, 'నా గడప తొక్కితే నీకు చెల్లెలు లేనట్టే' అని. అంతే. మళ్ళీ రాలా. నేనూ పిలవలా." మిరప మంట వేళ్ళతోనే కళ్ళు తుడుచుకోబోయి ఆగింది. "ఆ మాట మోసుకునే పోయాడో, దింపుకుని పోయాడో తెలవాలి నాకు. ఏమన్నాడో అదే చెప్పండి. తిట్టినా పర్లేదు."

తాత కరీముల్లా వైపు చూశాడు.

కరీముల్లా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏసోబు గడిలోని అక్షరాల దండను గొంతుగా విప్పాడు. మీట నొక్కాడు.

ముందు దుప్పటి గరగర. తర్వాత ఒక గొంతు, గట్టిగా, దగ్గరగా.

"ఏసోబు అన్నా, ఇటు తిరుగు. ఇటు, ఫోను వైపుకి. కొంచెం గట్టిగా మాట్లాడాల. ఫోన్లో గీత లేవట్లేదు నీకు. ఆఁ, దిండు జరపమంటావా? సరే. ముందు పేరు చెప్పు."

దగ్గు.

"ఏసోబు."

"ఊరు?"

మళ్ళీ దగ్గు. చాలాసేపు.

"అయ్యా... మా సలోమికి..."

అక్కడ ఆగిపోయింది.

సలోమి ముందుకు వంగి ఉంది. అలాగే ఉంది.

"ఆఁ? సలోమికి?"

కరీముల్లా మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అక్కడే. దండ చివరకు జరిపి చూశాడు. అక్షరాలు అక్కడ అయిపోయాయి, కత్తితో కోసినట్టు. పక్క గడి చూశాడు. దాని పక్కది. అన్నీ ఒకే పొడుగు.

"ఏమైందయ్యా? కరెంటు పోయిందా?"

"లేదమ్మా. ఇందులో... ఇంతవరకే ఉంది."

"ఇంతవరకే అని ఆపడుగా మా అన్న! సలోమికి ఏందో అన్నాడుగా!"

తాతకు ఏమీ వినపడలేదు. ఇద్దరి మొహాలూ చూశాడు. కరీముల్లాకు ఎదురుగా జరిగి కూర్చున్నాడు.

"మిషను సంగతి తర్వాత. ఫోను పట్టుకుంది నువ్వేగా. పక్కనే కూర్చున్నావు. ఏమన్నాడు?"

కరీముల్లా గుర్తు తెచ్చుకోబోయాడు. ఆ మధ్యాహ్నం గుర్తుంది. ఫోనులో గొంతును బట్టి లేచే పచ్చ గీత గుర్తుంది. అది లేచినప్పుడు హమ్మయ్య అనుకోవడం, పడినప్పుడు ఫోను ఇంకాస్త ముందుకు పెట్టడం గుర్తుంది. ఏసోబు చాలాసేపే మాట్లాడాడు. మధ్యలో ఒకసారి గీత పెద్దగా ఎగిరింది. ఏడ్చాడో, నవ్వాడో. బ్యాటరీ అయిపోతుందేమోనని చూసుకోవడం గుర్తుంది.

మాట ఒక్కటీ గుర్తులేదు.

సలోమి అతన్నే చూస్తోంది. ఆ చూపు చూడలేక అతని నోట్లో ఒక మాట తయారైంది.

"అమ్మా, మీ అన్న... చెల్లెలి మీద నాకేం కోపం—"

తాత అరచెయ్యి అతని నోటిమీద పడింది.

గట్టిగా కాదు. పసివాడి నోరు మూసినట్టు. కానీ తియ్యలేదు.

"గుర్తున్నది చెప్పేవాడు ఎదుటివాళ్ళ మొహం చూస్తాడా?" అన్నాడు తాత నెమ్మదిగా. "వాడి మాట ఎట్టాగూ పోయింది. ఉన్న ఖాళీలో నీ మాట పెట్టకు."

అరచేతి కింద కరీముల్లా పెదాలు మూతపడ్డాయి. అప్పుడు చెయ్యి తీశాడు.

"తెలీదమ్మా," అన్నాడు కరీముల్లా. "పక్కనే ఉన్నా. వినలా."

సలోమి కంప్యూటర్ వైపు, తర్వాత అతని వైపు చూసింది.

"కంప్యూటర్ చదువు చదివావంటగా నాయనా," అంది చివరికి. కోపంగా అనలేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది. "ఏమీ చదువుకోనోడు పక్కన కూర్చున్నా, ఒక మాటైనా చెవిన పడుండేది."

తాత టీ తెప్పించాడు. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుంది గానీ తాగలేదు.

"ఇంకోసారి పెట్టు," అంది.

పెట్టాడు. గరగర, కరీముల్లా గొంతు, దగ్గు, పేరు, దగ్గు, సలోమికి.

"ఇంకోసారి."

ఎన్నిసార్లు పెట్టాడో. ప్రతిసారీ ఆమె 'సలోమికి' దగ్గర తల కొద్దిగా ఎత్తేది. ఈసారి ముందుకు పోతుందేమో అన్నట్టు. చివరికి చాలంది.

"తిట్టినా బాగుండేది," అంది లేస్తూ. "తిట్టడం మా అన్నకు బాగా వచ్చు. ఆ తిట్లు పట్టుకుని బతికేదాన్ని. ఇప్పుడు ఇంటికి పోయి ఏం పట్టుకోవాల నేను?"

తాత ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కరీముల్లా బస్సు దాకా వెంట వెళ్ళబోతే, "వద్దులేయ్యా, తెలుసు తోవ," అని చెప్పులు వేసుకుంది. సున్నం పడి తెల్లబడిన రోడ్డు మీద నడుచుకుంటూ పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కరీముల్లా లోపలికొచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నన్ను పంపెయ్యి తాతా."

"ఎందుకు పోయాయి అవి? అది చెప్పు."

చెప్పాడు. ఆ గడిలో కొంతవరకే పడుతుందని, మించినదాన్ని అది కోసేసిందని, అందరివీ అలాగే కోసేసి ఉంటుందని, ప్రతివాళ్ళదీ మొదట్లో ఉన్న కాసింతే మిగిలిందని. తాత అతని పెదాలను చూస్తూ అంతా విన్నాడు.

"ఆ మిగిలినవి పెట్టు," అన్నాడు.

"నీకు వినపడదుగా తాతా."

"పెట్టరా."

తాత స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. గొంతు కదిలితే చేతికి తెలుస్తుంది. కరీముల్లా ఒక గడి తెరిచాడు. తాత చేతి కింద స్పీకరు అదిరింది.

"ఎవరు?"

కరీముల్లా విన్నాడు. ఇటు తిరుగు అన్నా. కొంచెం గట్టిగా.

"నేనే తాతా."

ఇంకో గడి.

"ఇది?"

దిండు జరపమంటావా పెద్దమ్మా. ముందు పేరు చెప్పు.

"ఇదీ నేనే."

ఇంకోటి. ఇంకోటి. ఒకదాంట్లో ఒక ముసలాయన ఒక్కసారి మూలిగాడు. ఒకదాంట్లో ఎవరిదో పేరు సగం వినపడింది. తక్కినదంతా ఒకే గొంతు, గట్టిగా, దగ్గరగా, స్పష్టంగా. ఊరు చెప్పు. గీత లేవట్లేదు. ఆఁ, ఇప్పుడు చెప్పు.

"ఇది?"

కరీముల్లా తనవైపు వేలు చూపించుకున్నాడు. తాతకు అర్థమైంది.

ఆయన చెయ్యి స్పీకరు మీదే ఉంది. చేతి కింద అది అదిరి, ఆగింది.

"వాళ్ళు నోరు తెరిచేసరికి," అన్నాడు తాత, "చోటు అయిపోయింది."

కరీముల్లా తల ఎత్తలేదు. చెయ్యి చాచి తర్వాతి గడి తెరిచాడు.