తీతువు గూటికి దారి

నాలుగు గుడ్లూ పోయాయి. జిలానీ ఒళ్లు మండిపోతోంది.

కొండ మీది దర్గాలో ఉండే మస్తాన్ బాబాకు అతను శిష్యుడు. కొండ కింది గడ్డిబీడులో, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల వివరాలు రాసి పంపే స్వచ్ఛంద సేవకుల్లో కూడా ఒకడు. ఏ గూటినైనా వారానికోసారి చూసి రాస్తే చాలన్నారు. జిలానీ మాత్రం తన తీతువు గూటి దగ్గరికి రోజూ పొద్దునా సాయంత్రమూ వెళ్లేవాడు. తనంత శ్రద్ధ ఇంకెవరికుందని లోలోపల పొంగిపోయేవాడు కూడా.

ఇప్పుడు అటవీ అధికారికి అర్జీ రాసుకుని, గొర్రెల కాపరి బీరప్పను వెంటబెట్టుకుని బాబా ముందుకొచ్చాడు.

"వీడి మందే తొక్కేసింది బాబా! ఇకమీదట బీడులోకి ఒక్క గొర్రె కూడా రాకూడదు. మీరు వేలిముద్ర వేస్తే ఆఫీసరు కాదనడు."

బీరప్పకు ముప్పై గొర్రెలు. ఎండాకాలంలో ఆ బీడు తప్ప వాటికి గడ్డిపరక దొరికే చోటు లేదు.

"ఆ పిట్ట అరుపు ఇన్నప్పట్నుంచి ఆ తట్టుకే తోల్లేదు సామీ," అన్నాడు బీరప్ప. "చెప్తాంటే ఈయప్ప ఇంటేనా?"

"అబద్ధం!" అని అరిచాడు జిలానీ. మంద గూటి మీదుగా పోవడం అతను చూశాడా అంటే, లేదు. కోపం తలకెక్కినవాడికి చూడటంతో పనేముంది? తనకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాణ్ణి వీడూ వాడూ అనడానికి మాత్రం నోరొచ్చింది.

బాబా అర్జీ అందుకోలేదు. చేతికర్ర తీసుకుని లేచాడు.

"గూడు చూద్దాం పద."

బాబాకు రెండు కళ్లలోనూ పొరలు. పదడుగుల అవతల ఉన్న మనిషిని గొంతును బట్టే పోల్చుకుంటాడు. ఆ బీడులోకి ఎప్పుడూ దిగినవాడు కాదు. మోకాలెత్తు గడ్డి అంచున ఆగి చెప్పులు విడిచాడు.

"నేను దారి చూపిస్తా," అని జిలానీ ముందుకొచ్చాడు.

"నువ్వు వెనకుండు."

బాబా పాదంతో నేలను తడిమి చూసి నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. ఎనభై అడుగులు వేసి, గడ్డి మధ్య ఉన్న చిన్న ఖాళీ జాగాలో ఆగాడు. ఆయన కాళ్ల ముందు, గులకరాళ్ల మధ్య, పగిలిన పెంకులు.

జిలానీ బిత్తరపోయాడు. "ఈ చోటు నేనెవరికీ చెప్పలేదు! మీకెలా తెలిసింది బాబా?"

"గడ్డి అణిగి బాట పడింది. కాళ్లు వాటంతటవే వచ్చాయి. గొర్రె గిట్టల గుర్తులున్నాయేమో నువ్వే చూడు."

జిలానీ వంగి చూశాడు. గడ్డి అంచుదాకా వెనక్కి వెళ్లి, మళ్లీ చూసుకుంటూ వచ్చాడు. గిట్ట గుర్తు ఒక్కటీ లేదు. ఇప్పుడు పడిన బాబా అడుగులు కాక, దుమ్ములో తన చెప్పుల అచ్చులే, ఒకదాని మీద ఒకటి. వాటి మీద నక్క అడుగులు, సూటిగా గూటిదాకా.

"నేను ప్రేమతోనే వచ్చాను బాబా," అన్నాడు.

"నక్క కూడా ఆ ప్రేమ వెంబడే వచ్చింది." బాబా గొంతులో అంత కోపం జిలానీ ఎప్పుడూ వినలేదు. "చెప్పాల్సింది నాతో కాదు. రేపు మంద తోలుకోమని ఆ మనిషితో చెప్పు."

జిలానీ తిరిగి చూశాడు. బీరప్ప గడ్డిలో అడుగు పెట్టకుండా అంచునే నిలబడి ఉన్నాడు.

"బీరప్పన్నా!" అని పిలిచాడు జిలానీ. చేతిలోని అర్జీని చింపేసి అటు నడిచాడు.