రంగు పట్టని గోడ

అనగనగా ఒక ఊరుందట. ఊరంటే మన ఊరిలాంటిది కాదు చిట్టీ. గాలిమరల కొండ కింద, కంపెనీవాళ్ళు పనివాళ్ళ కోసం వరసగా దించిన ఇరవై ఇళ్ళు. దించిన అన్నాను, కట్టిన అనలేదు. వాటికి ఇటుకా లేదు, సిమెంటూ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో గోడలూ కప్పూ బిగించేసి, ఇంటిని ఇల్లుగానే లారీ మీద తెచ్చి పెట్టారు. లోపల గోడలకు మెరిసే నున్నటి పొర. వేలితో కొడితే డబ్బాలా మోగేవి.

అందులో ఒకటి ఓబులమ్మది. ఆమె మొగుడు గేటు కాపలా కాసేవాడు, జ్వరమొచ్చి పోయాడు. అప్పుడు కంపెనీవాళ్ళు ఆ ఉద్యోగం ఓబులమ్మకిచ్చి, ఇల్లు ఆమెకే ఉంచారు.

ఆ ఏడు వానలకు కప్పు అతుకు దగ్గర కారింది. ఓబులమ్మే పైకెక్కి అతుకు మూసింది. కారడం ఆగింది గానీ గోడ నిండా టీ ఒలికినట్టు మరకలు మిగిలాయి. క్వార్టర్సు సూపర్‌వైజరు వచ్చి చూశాడు. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాననీ, అప్పటికి గోడలు శుభ్రంగా రంగు వేసి లేకపోతే ఇల్లు ఇంకొకరికి ఇస్తామనీ చెప్పి పోయాడు.

ఇల్లు పోతే మరిది మల్లప్ప ఊరికి పోవాలి. ఆ ఊరి నుంచి గేటుకు బస్సు లేదు. అంటే ఉద్యోగమూ పోయినట్టే. మల్లప్ప కబురు తెలిసిన రోజే వచ్చాడు.

"ఒక్కదానివి, నీకు ఇల్లెందుకు వదినా? మా దగ్గరికొచ్చెయ్. గొడ్లను చూసుకుంటూ ఓ మూల పడుందువు" అన్నాడు.

ఎంత ప్రేమో చూడు. జీతం లేని పనిమనిషి దొరుకుతుందంటే మనుషులకు ఎక్కడెక్కడి ప్రేమలో పుట్టుకొస్తాయి.

ఓబులమ్మకు ఆ రోజు నుంచి దిగులు పట్టుకుంది. అయినా కొంగు బిగించింది. మొదట వాళ్ళమ్మ చేసినట్టే సున్నం నానబెట్టి, వడగట్టి, గోడకు కొట్టింది. తెల్లారేసరికి సున్నమంతా అప్పడాల్లా లేచి చాప మీద పడింది.

ఆ తర్వాత రంగుల కొట్టుకు పోయింది. ఏ రంగు వెయ్యాలని అడిగితే కొట్టతను మీ ఆయన్ని పంపమ్మా, చెబుతాను అన్నాడు. చచ్చినవాణ్ణి ఎక్కణ్ణుంచి పంపుతుంది? తనకు తోచిన డిస్టెంపరు డబ్బా ఒకటి తెచ్చి పూసింది. అది చేమాకు మీద నీళ్ళలా బొట్లుబొట్లుగా విడిపోయి కిందికి జారింది.

పక్కింటివాళ్ళు తొంగిచూసి పోయారు. మొగుడు లేని ఇంటికి రంగెక్కడ పడుతుందని కొళాయి దగ్గర గుసగుసలు. ఓబులమ్మ విన్నది. నాలుగు రోజులు అదే మాట చెవిలో జోరీగలా తిరిగింది. నా చేతిలోనే ఏదో లోపముందేమో అనుకుంది పాపం. అలా అనుకోవడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా, పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంటాం.

అప్పుడు మల్లప్ప మళ్ళీ వచ్చాడు. దీనికి మగవాడి చెయ్యి పడాలని తనే ఆయిల్ పెయింటు తెచ్చాడు. బీరువా పక్కకు జరిపి, గోడంతా దట్టంగా వేసి, మీసం దువ్వుకుంటూ పోయాడు. మూడు రోజులైనా అది ఆరలేదు. వేలు పెడితే బంకలా సాగింది. దోమలన్నీ దానికే అతుక్కున్నాయి. నవ్వకు, నిజం!

ఇంక నాలుగే రోజులున్నాయి. ఓబులమ్మ గోడ ముందు కూలబడింది. సర్దుకుందామని పెట్టె కూడా తెరిచింది. చీరలు మడుస్తూ ఎందుకో తలెత్తి చూసింది. గోడంతా తడితడిగా మెరుస్తోంది గానీ ఒక్కచోట మాత్రం ఎండిపోయి ఉంది. సరిగ్గా బీరువా అంత ముక్క. లేచి గోరుతో గీకింది. రాలేదు.

అక్కడే ఎందుకు పట్టింది? ఆలోచించగా ఆలోచించగా తట్టింది. కాపురానికొచ్చిన కొత్తలో వాళ్ళత్త చెప్పింది, ప్రతి శుక్రవారం గుడ్డకు కొబ్బరినూనె అద్ది గోడలు తుడిస్తే ఇల్లు కళకళలాడుతుందని. మా గోడలో మొహం చూసుకోవచ్చని మొగుడు పదిమందిలో చెప్పుకునేవాడు. ఆ ఒక్క మాట కోసం ఓబులమ్మ ఆరేళ్ళు తుడిచింది. బీరువా వెనక మాత్రం చెయ్యి దూరలేదు.

లోపం చేతిలో లేదు చిట్టీ, నూనెలో ఉంది.

అప్పుడు మళ్ళీ కొట్టుకు పోయి, ఈసారి ఏ రంగని అడగలేదు. గోడకు నూనె పట్టింది, అది వదలడానికీ, దాని మీద రంగు నిలవడానికీ ఏం కావాలో ఇయ్యి అంది. కొట్టతను నోరు మూసుకుని బట్టల సోడా, గరుకు కాగితం, రంగు కింద వేసే ప్రైమరు, రంగు వరసగా ముందు పెట్టాడు.

ఆమె గేటు పని దిగి రాగానే మొదలుపెట్టేది. మల్లప్ప వేసిందంతా అట్లకాడతో గీకేసింది. వేడినీళ్ళలో సోడా కలిపి కడిగింది. గరుకు కాగితంతో నున్నదనం పోయేదాకా రుద్దింది. భుజాలు పట్టేశాయి. ఆ తర్వాత ప్రైమరు, ఆ తర్వాత లేత పచ్చరంగు. చివరి పూత వేసి, ఇదీ జారుతుందేమోనని గోడ కేసే చూస్తూ కూర్చుంది. జారలేదు.

మర్నాడు సూపర్‌వైజరు వచ్చాడు. వెనకే మల్లప్ప, పెళ్ళాం చెన్నమ్మను వెంటబెట్టుకుని, వదిన సామాను మోసుకుపోదామని వచ్చాడు. సూపర్‌వైజరు గోడ నొక్కి చూశాడు. వేలికి రంగు అంటలేదు. మల్లప్ప వైపు తిరిగి, బాగా వేశావయ్యా అన్నాడు. మల్లప్ప కాదనలేదు.

ఓబులమ్మ ముందుకొచ్చింది.

"ఆయన వేసింది గీకి పారేశాను సార్. ఇది నేను వేసింది."

సూపర్‌వైజరు ఆమెను ఎగాదిగా చూసి, సరే, ఇంకో ఏడాది ఉండు అని పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్క ఏడాదే. మళ్ళీ వానలొస్తాయి, మళ్ళీ ఆయనొస్తాడు. ఆమె దిగులు పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. నీతో అబద్ధం ఎందుకు చెప్పను?

మల్లప్ప విసురుగా వెళ్ళి బండి స్టార్టు చేశాడు. చెన్నమ్మ మాత్రం గుమ్మం దగ్గరే ఆగింది. బండి చప్పుడులో వినబడీ వినబడనట్టు అడిగింది.

"అక్కా, ఎప్పుడైనా అవసరమైతే, ఈ ఇంట్లో ఇంకో చాపకు చోటుందా?"

"ఉంది. గోడకు ఆనుకుని మాత్రం పడుకోకు. లోపల ఇంకా రెండు రోజులు ఆరాలి."

కథ పోయె కంచికి,
కునుకు చేరె కంటికి,
కొంత దిగులు గాలికి,
మనం మన ఇంటికి.