యవన గిన్నె అడుగున

నందియుడు పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. అతని గిన్నెలు పోతున్నాయి మరి.

కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, రేవు పక్క విహారంలో కుర్ర భిక్షువతను. యవన ఓడలు వచ్చినప్పుడల్లా నావికులను బతిమాలి ఎర్ర గిన్నెలు పోగేశాడు. చెప్పొద్దూ, ఏం గిన్నెలవి! గురివింద గింజల్లా నిగనిగలాడేవి. మట్టివంటే నమ్మబుద్ధి కాదు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు మహానుభావుడు. అరుగు మీద వరసగా బోర్లించుకుని, తుడుచుకుంటూ కూర్చునేవాడు.

భిక్షువుకి ఒక్క భిక్షాపాత్రే ఉండాలి కదా. ఎర్ర గిన్నెలన్నీ ఓడవాళ్ల సత్రానికి ఇచ్చేయమని సంఘం తేల్చేసింది. నందియుడు అన్నిటికన్నా అందమైనదాన్ని గుండెలకు హత్తుకుని, గురువు రేవత స్థవిరుడి దగ్గరికి పరుగెత్తాడు.

"భంతే, ఈ ఒక్కటీ ఉంచుకోనివ్వండి. సత్రంలో ఇందులో జావ పోస్తారు! చేసినవాడికి ఎంత అవమానం!"

పెద్దాయన గిన్నె అందుకుని వెలుతురుకేసి తిప్పాడు. "అబ్బ! ఏం చెయ్యి నాయనా అతనిది!" అన్నాడు.

"చెయ్యి బంగారమే భంతే, తెలివే తక్కువ. పేరు ఎక్కడ వేసుకున్నాడో చూడండి!"

గిన్నె లోపల, సరిగ్గా అడుగున, చిన్న పాదం ఆకారంలో ముద్ర ఉంది. అందులో యవన అక్షరాలు.

"బయట వేసుకుంటే నలుగురూ చూసేవాళ్లు కదా. బోర్లిస్తే పేరే కనబడదు," అన్నాడు నందియుడు.

గురువు పొయ్యి మీది కుండలోంచి గరిటెడు జొన్నజావ తీసి అందులో పోశాడు.

"అయ్యయ్యో భంతే!" నందియుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాదమూ పేరూ జావలో మునిగిపోయాయి.

"పొద్దున్నించీ పస్తున్నావటగా. తాగు."

గురువు మాట, తాగక తప్పుతుందా? మొదటి గుక్క ఉక్రోషంతో మింగాడు. ఆకలి మీద ఉన్నాడేమో, రెండోది రుచించింది. ఆ అంచు పెదవికి ఎంత హాయిగా తగిలిందని! ఇన్నాళ్లూ తుడిచాడే గానీ ఆ సంగతే అతనికి తెలియదు. ప్రాణం లేచి వచ్చింది. చివరి గుక్క కోసం గిన్నె పైకెత్తాడు.

జావ నోట్లోకి జారింది. ఆ పాదం, ఆ పేరు తేటగా కళ్లెదుటికి వచ్చాయి.

నందియుడు చాలాసేపు గిన్నె దించలేదు. ఆ తర్వాత మెల్లగా లేచి దాన్ని కడిగాడు. అరుగు మీది గిన్నెలన్నీ తెచ్చి, దానితో పాటు బుట్టలో పేర్చి, బుట్ట నెత్తికెత్తుకున్నాడు.

"ఏమన్నాడు నాయనా నీ యవనుడు?" అని అడిగాడు గురువు.

"కడుపు నిండిందా అని అడిగాడు, భంతే."