తాడు విప్పిన దాలమ్మ

అనగా అనగా, మన ముత్తవ్వల ముత్తవ్వలు ఉయ్యాల్లో ఉన్న కాలంలో, సముద్రం పక్కన ఒక ఉప్పుమళ్ల ఊరు. తెల్లారితే తల్లులంతా మళ్లలోకి దిగేవారు. పిల్లల్ని దాలమ్మ తాటాకు పాకలో వదిలేవారు.

దాలమ్మ అందరిలాగే కాసేది. పిల్ల కాలికి తాడు, తాడు గుంజకి. ఎందుకంటే పాక దాటితే ఉప్పునీటి గొయ్యి. వాళ్లత్త అలాగే కాసింది. అత్తకి అత్తా అలాగే కాసింది.

ఒకరోజు ముత్యాలు అనే పసిపిల్ల కాలు తాడుకి ఒరుసుకుపోయింది. ఎర్రగా, తడిగా. దాలమ్మ పిల్లని ఒళ్లోకి తీసుకుంది.

"పురుగు కుట్టిందని సెప్పెయ్యే," అంది అత్త. "దానికి మాటలొచ్చా ఏటి?"

"మాటల్రావు గనకే నాను సెప్పాల."

సాయంత్రం తల్లి ఎరకమ్మ వచ్చింది.

"నా తాడే కోసింది ఎరకమ్మా. తప్పు నాది."

ఎరకమ్మ ఆ కాలు చూసింది. పిల్లనెత్తుకుని పోయింది. తిట్టినా బాగుండును.

మర్నాడు దాలమ్మ తాళ్లన్నీ విప్పేసింది. ఉప్పుమళ్ల పెద్ద కామునాయుడు కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"మతిపోయిందేటే? ఒక్క పిల్ల గోతిలో పడిందా, పాక పీకించేస్తాను. తాడు లేకండా కాయడం నీకొచ్చా?"

"రాదు బాబూ. నేర్సుకుంటాను."

"అందాకా?"

"అందాకా అత్తా నానూ గుమ్మానికడ్డంగా కూకుంటాం."

"నా నడుం నిన్నేటి సేసిందే!" అని గొణిగింది అత్త. కానీ కూర్చుంది.

పొద్దు వాలాక దాలమ్మ బాతులు కాసే తాత దగ్గరికెళ్లింది. "కట్టకండా ఎలా కాస్తావు తాతా?"

"ముందు నడుత్తాను, పాడతాను. నా గొంతు ఇనబడినంత మేరా అవి నావే."

వలలల్లే అవ్వ దగ్గరికెళ్లింది. "వలకి బలం ఏ ముడిలో ఉందవ్వా?"

"ఏ ముడిలోనూ లేదే. పక్క ముడిని పట్టుకోడంలో ఉంది."

మూడో పాఠం ఎవరి దగ్గరా? తెల్లారి పాకలో ఆలోచిస్తుండగా ఎరకమ్మ వచ్చి ముత్యాల్ని చేతుల్లో పెట్టింది. "నిజం సెప్పినదాని దగ్గరే ఒదుల్తాను," అని గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

దాలమ్మ పిల్లని నేలమీద దింపింది. ముత్యాలు మూలనున్న తాడు లాక్కొచ్చింది. ఒక కొస దాలమ్మ చేతిలో పెట్టింది. రెండో కొస తను పట్టుకుని బుడిబుడి నడిచింది.

దాలమ్మ నవ్వింది, ఏడ్చింది. ఆనాటి నుంచి రోజూ పిల్లలందరికీ అదే ఆట: ముందు దాలమ్మ పాట, వెనక తాడు పట్టుకుని పిల్లలు.

ఒక మిట్టమధ్యాహ్నం గాలి లేచింది. సముద్రం మళ్లలోకి దూకింది. తల్లులు దూరంగా ఉన్నారు. పాకలోకి నీళ్లొచ్చాయి. దాలమ్మ తాడు చాపింది, పాట ఎత్తుకుంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు పట్టుకున్నారు. చివర అత్త. పాడుతూ పాడుతూ ఇసుకదిబ్బ ఎక్కేశారు. వెనక్కి చూస్తే పాక లేదు, గుంజ లేదు.

తల్లులు గుండెలు బాదుకుంటూ వచ్చారు. దిబ్బమీద పిల్లలు ఇంకా పాడుతూనే ఉన్నారు!

కామునాయుడు ఆ పిల్లల్లో ఉన్న తన మనవణ్ణి గుండెకి హత్తుకున్నాడు. "కట్టేసుంటే..." అన్నాడు.

"పాక మళ్లీ కట్టించండి బాబూ," అంది దాలమ్మ. "ఇంకా నేర్సుకోవాల."

దాలమ్మ పోయి ఎన్ని తరాలయ్యాయో ఎవరికెరుక. ఆ ఒడ్డున పిల్లలు ఇప్పటికీ ముడిలేని తాడు పట్టుకుని, పాడుకుంటూ బడికెళ్తారు. కొత్త పంతులమ్మ వస్తే తల్లులు అడుగుతారు: "పిల్లల్ని కాయడం వచ్చా?"

"వచ్చు" అంటే పిల్లల్నివ్వరు.

"రాదమ్మా, నేర్సుకుంటాను" అంటే, అప్పుడు చేతికిస్తారు.