పగడాల దగ్గర వరుస

మూడు వారాల్లో సంహిత నాలుగు వందల ఫొటోలు తీసింది. అన్నీ తోకలే.

చేప కనబడితే చాలు, కెమెరా ఎత్తుకుని వెంటపడేది. అది ఊరుకుంటుందా? ఒక్క ఉదుటున పగడాల సందులో దూరేది. ఇవాళే ఆఖరి రోజు. రేపటినుంచి వానాకాలం, అండమాన్‌లోని ఆ చిన్న దీవిలో పడవలన్నీ ఒడ్డెక్కేస్తాయి. తన మొదటి పుస్తకం అట్ట మీదికి ఒక్క చేప ముఖమైనా దొరకలేదు. ఏడుపొక్కటే తక్కువ.

"తాతా, నన్ను చూస్తే వాటికెందుకంత భయం?"

పోలయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఆ నీళ్లలో మునుగుతున్నవాడు. ఆమెకు మునగడం నేర్పిన గురువు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు మాత్రం లేదు.

"దిగు పాపా," అన్నాడు.

అడుగున ఒక పగడపు గుట్ట. దాని ముందు చిన్నా పెద్దా చేపలు, ఒకదాని వెనక ఒకటి, తోసుకోకుండా ఆగి ఉన్నాయి. గుట్ట మీద ఎర్రచారల రొయ్యలు మీసాలు ఊపుతున్నాయి. ముందున్న చేప నోరు తెరిచింది. రొయ్య లోపలికి దూరి, పళ్ల సందులు శుభ్రం చేసి, నింపాదిగా బయటికొచ్చింది. చేప దాన్ని మింగనే లేదు! పక్కకు తప్పుకుంది. తర్వాతది ముందుకొచ్చింది.

సంహిత ఆగలేకపోయింది. కెమెరా ఎత్తి ముందుకు దూకబోయింది. పోలయ్య ఆమె వీపు మీది గాలి సిలిండర్ పట్టుకుని వెనక్కి లాగి, వరుస చివర ఇసుకలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు.

ముందున్న చేపలు ఒక్కొక్కటే తగ్గాయి. ఆమె వంతు వచ్చింది. పోలయ్య ఆమె ఎడమచేతి గ్లవ్ లాగేసి, వేళ్లు గుట్టకు ఆనించాడు.

రొయ్య ఎక్కింది! గోళ్ల సందులు గీకుతోంది! నవ్వు ఆపుకోలేక సంహిత బుడగల మీద బుడగలు వదిలింది. అంతలో భుజం పక్కన ఏదో కదిలింది. తల తిప్పింది. జానెడు దూరంలో తట్టంత ముఖం. మచ్చల చేప ఒకటి రెండు కళ్లతో తననే చూస్తోంది. ఒంటిచేత్తో కెమెరా తిప్పి నొక్కేసింది.

పడవెక్కగానే ముఖానికున్న మాస్క్ పీకేసి కేక పెట్టింది.

"తాతా! పారిపోలేదు! సూటిగా నన్నే చూసింది! నేనంటే దానికి ఇష్టమే తాతా!"

పోలయ్య తల తుడుచుకున్నాడు.

"నీ ఎనకాలే కదేటి నిల్చున్నాది," అన్నాడు. "నీ పనెప్పుడు అవుతాదా అని సూసినాది."